కర్ణాటక నదీ పరీవాహక ప్రాంతాలు: పిల్లల పాఠం ఏ నదితో మొదలుపెట్టాలి?

మారతహళ్ళి తెలుగుబడి

సభ్యులందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు ఆదివారాల్లో తెలుగు తరగతి నడుపుతున్నాను. అక్షరాలు, గుణింతాలు దాటిన పెద్ద పిల్లలకు ఈ ఏడాది చదివి రాయడానికి ఒక మంచి విషయం కావాలి. వాళ్ళు పుట్టి పెరుగుతున్నది కర్ణాటకలో. తాతల ఊళ్ళేమో అనంతపురం, కడప, చిత్తూరు, నెల్లూరు వైపు ఉన్నాయి. అందుకే కర్ణాటక నదీ పరీవాహక ప్రాంతాలను పాఠంగా ఎంచుకున్నాను. పుస్తకాల్లో కృష్ణా, కావేరి, గోదావరి, ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, పాలారు, పడమటికి పారే నదులు అని ఏడు పేర్లు వరుసగా ఉంటాయి. పిల్లలు వాటిని వల్లె వేసి, వారం తిరక్కుండానే మరచిపోతారు. నేలను, వానను ఒక పాఠంలోనూ, గుళ్ళను, పండుగలను మరొక పాఠంలోనూ పెట్టడం నాకు ఇష్టం లేదు. దేనితో మొదలుపెట్టాలో, దేనికి ఎంత చోటివ్వాలో పెద్దలు చెప్పగలరు.

నీటిలెక్క

తెలుగుబడి గారికి నమస్కారం. నీటిపారుదల శాఖలో పనిచేసి విరమించినవాణ్ణి గనుక ముందుగా లెక్క చెబుతాను. రాష్ట్ర విస్తీర్ణంలో సుమారు 59 శాతం కృష్ణా పరీవాహకంలో ఉంది. కావేరిది దాదాపు 18 శాతం. పడమటికి పారే నదుల వాటా ఎనిమిదో వంతు మాత్రమే అయినా, రాష్ట్రంలో పారే నీటిలో సగానికి పైగా వాటిలోనే ఉంది. ఆగుంబెలో ఏటా సగటున 7000 మిల్లీమీటర్లకు పైగా వాన కురిస్తే, కనుమలకు తూర్పున చళ్ళకెరె, పావగడ వైపు ఐదారు వందలు కురవడమే గొప్ప. పడమటి కనుమలు మేఘాలను అడ్డుకోవడం వల్ల వచ్చిన ఈ తేడా ముందు అర్థమైతే, కర్ణాటకలో పంటలు, జలాశయాలు, నీటి తగాదాలు ఎందుకు ఇలా ఉన్నాయో పిల్లలకు సగం అర్థమైనట్టే.

ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, పాలారు మూడూ కలిపినా విస్తీర్ణంలో ఎనిమిది శాతం దాటవు. మంజీర ద్వారా బీదర్ వైపు దక్కిన గోదావరి వాటా రెండు శాతం పైచిలుకు. కాబట్టి మొదట కృష్ణా, తరువాత కావేరి, ఆపైన పడమటి నదులు చెప్పి, చిన్న పరీవాహకాలను ఒక పేజీలో ముగించడం సబబు.

తుంగాతీరం

కృష్ణతోనే మొదలుపెడితే ఎంత చెప్పినా తరగని సంపద ఉంది. మలప్రభ ఒడ్డున ఇసుకరాతి కొండలు ఉండబట్టే బాదామి చాళుక్యులకు గుహలు తొలచడానికి, గుళ్ళు కట్టడానికి అనువైన రాయి చేతికందే దూరంలో దొరికింది. బాదామి, ఐహొళె, పట్టదకల్లు అన్నీ ఆ ఒక్క లోయలోనే ఉన్నాయి. మలప్రభ కృష్ణలో కలిసే కూడలసంగమంలో బసవేశ్వరుని ఐక్యస్థలం ఉంది. నారాయణపుర జలాశయం నీళ్ళు అక్కడి దాకా నిలవడంతో, ఆ స్థలాన్ని ముంపు నుండి కాపాడడానికి చుట్టూ బావిలాంటి కట్టడం కట్టారు. ఇప్పుడు చుట్టూ నీళ్ళు నిండి ఉండగా భక్తులు మెట్లు దిగి లోపలికి వెళ్తారు. ఆనకట్ట వచ్చినప్పుడు ఒక ఊరి భక్తి ఎలా సర్దుకుందో పిల్లలకు చూపించడానికి దీనికి మించిన చోటు నాకు తెలియదు.

తుంగభద్ర మన తెలుగువారికి మరీ దగ్గరిది. తుంగ, భద్ర రెండూ కుద్రేముఖ ప్రాంతంలోని గంగామూల దగ్గర పుట్టి, వేరు వేరు దారులు పట్టి, శివమొగ్గ దగ్గర కూడ్లిలో కలుస్తాయి. శృంగేరిలో తుంగ ఒడ్డున మెట్ల దగ్గరకు గుంపులుగా వచ్చే పెద్ద చేపలను ఎవరూ పట్టరు. ఆలయం వల్ల నిలిచిన ఈ కట్టుబాటు నదిలో ఆ కొంత మేరకైనా జీవజాలాన్ని కాపాడుతోంది. దిగువన హంపి, ఆనెగొంది దగ్గర గుండ్రాళ్ళ మధ్య నది పాయలుగా చీలుతుంది. విజయనగర కాలంలో తవ్విన తురుత్తు కాలువ కింద నేటికీ అరటి, వరి పండుతున్నాయి. రాజ్యం పోయినా కాలువ నిలిచింది. దాన్ని చూడకుండా గుళ్ళు మాత్రమే చూసి తిరిగి వచ్చేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

పిఠాపురంలో పుట్టిన శ్రీపాద శ్రీవల్లభులు రాయచూరు దగ్గర కృష్ణ నడుమనున్న కురువపురం లంకలో నివసించారు. భీమ, అమరజ కలిసే గాణగాపురానికి మన జిల్లాల నుండి ఏటా ఎందరో వెళ్తారు. ఈ ఊళ్ళ పేర్లు పిల్లలు ఇంట్లో విని ఉంటారు. పటంలో వాటిని వెతికిస్తే చాలు, నది పేరు తానుగా గుర్తుండిపోతుంది.

హిందూపురం వాసి

తుంగాతీరం గారు చెప్పినవన్నీ ముఖ్యమైనవే. కానీ చిన్న పరీవాహకాలను ఒక పేజీలో ముగించాలన్న నీటిలెక్క గారి మాటను నేను ఒప్పుకోలేను. ఈ పాఠం బెంగళూరులో, రాయలసీమ, నెల్లూరు కుటుంబాల పిల్లలకు చెప్పబోతున్నారు. ఆ పిల్లలకు విస్తీర్ణం శాతాలు కొలబద్ద కాకూడదు.

నంది కొండల చుట్టుపక్కల ఎత్తు నేలలో పుట్టే నదుల పేర్లు చూడండి. ఉత్తర పినాకిని అక్కడే పుట్టి, గౌరీబిదనూరు మీదుగా హిందూపురం వైపు వచ్చి, మళ్ళీ పావగడ తాలూకాను తాకి, పేరూరు దగ్గర అనంతపురం సీమలోకి దిగుతుంది. అక్కడి నుండి తాడిపత్రి, గండికోట, సోమశిల, నెల్లూరు మీదుగా సముద్రం చేరేసరికి మొత్తం 597 కిలోమీటర్లు నడుస్తుంది. మనం పెన్న అని పిలుచుకునేది ఈ నదినే. చిత్రావతి అక్కడే పుట్టి బాగేపల్లి, పుట్టపర్తి మీదుగా వెళ్ళి పెన్నలో కలుస్తుంది. పాపాగ్ని కూడా ఆ ప్రాంతం నుండే బయలుదేరి, గండి ఆంజనేయస్వామి కొలువున్న కొండల సందు దాటి కడప జిల్లాలో పెన్నను చేరుతుంది. దేవరాయనదుర్గ నుండి వచ్చే జయమంగళి మా పరిగి దగ్గర పెన్నలో కలుస్తుంది. రాయలసీమ సగం నీటి కథ బెంగళూరుకు ఉత్తరాన, కారులో పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి రాగలిగినంత దగ్గరలో మొదలవుతుంటే, అది ఒక పేజీకి కుదించదగిన విషయం ఎలా అవుతుంది?

కృష్ణా, కావేరి, భీమ, తుంగభద్రలకు పుష్కరాలు ఉన్నాయి, పెన్నకు లేవు. పుష్కరం ఉన్న నదికి ఘాట్లు కడతారు, దారులు వేస్తారు, పత్రికలు ప్రత్యేక సంచికలు తెస్తాయి. లేని నదిలో నుంచి ఇసుక మాత్రం ఎత్తుకుపోతారు.

చింతామణి పాఠకురాలు

హిందూపురం వాసి గారి మాటకు మరికొంత చేరుస్తాను. బాగేపల్లి, చింతామణి, శ్రీనివాసపుర, ముళబాగిలు, పావగడ తాలూకాల్లో ఇళ్ళలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మేము బడిలో కన్నడం చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగాము. కైవారం నారేయణ తాతయ్య ఈ సీమవారే; ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు చెప్పారు, భజనల్లో నేటికీ రెండు భాషలవీ పాడతారు. రాష్ట్రాల సరిహద్దు ఒకచోట, పరీవాహకం గట్టు మరొకచోట, భాష మారే గీత ఇంకొకచోట ఉండే ప్రాంతమిది.

గౌరీబిదనూరు దగ్గర ఉత్తర పినాకిని ఒడ్డున ఉన్న విదురాశ్వత్థాన్ని పాఠంలో తప్పక చేర్చండి. అక్కడ రావిచెట్టు ప్రాంగణమంతా భక్తులు ప్రతిష్ఠించిన నాగశిలలు వరుసలు వరుసలుగా నిలబడి ఉంటాయి. సంతానం కోసం మొక్కుకుని నాగప్రతిష్ఠ చేయించేవారిలో హిందూపురం, అనంతపురం వైపు నుండి వచ్చేవారు చాలామంది. 1938 ఏప్రిల్ 25న జెండా సత్యాగ్రహానికి గుమిగూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపింది కూడా అక్కడే. ఒక యాత్రాస్థలానికి జనం చేరే అలవాటు ఉండబట్టే ఆ సభకు అంతమంది రాగలిగారని నా అభిప్రాయం.

చెరువుగట్టు

ఈ తూర్పు మైదానంలో నదిని చూపిద్దామని పిల్లలను తీసుకువెళ్తే ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక, తుమ్మచెట్లు, కంపలు మాత్రమే కనబడతాయి. ఇక్కడ నదిని అర్థం చేసుకోవాలంటే చెరువుల గొలుసును చూడాలి. మైసూరు ఎత్తు నేలలో వాన కొద్దిరోజులే కురుస్తుంది. అడుగున గట్టి రాయి ఉండడం వల్ల నీళ్ళు లోపలికి మెల్లగా ఇంకుతాయి. అందుకే పూర్వులు ప్రతి వంక మీదా కట్ట వేసి నీటిని నిలిపారు. పై చెరువు నిండి మరవ పారితే ఆ నీళ్ళు కింది చెరువులోకి, అది నిండితే ఇంకా కిందికి పోతాయి. చివరి చెరువు దాటిన తరువాత మిగిలినదే నది.

పిల్లలకు ఒక పాత తూమును దగ్గరగా చూపించండి. కట్టకు లోపలి వైపు నీళ్ళలో రెండు రాతి స్తంభాలు నిలువుగా ఉంటాయి; వాటి మధ్య అడ్డంగా రాతి పలకలు, పలకల నడుమ రంధ్రాలు ఉంటాయి. ఆ రంధ్రాల గుండా దిగిన పొడవాటి కర్ర చివర కొయ్య గుండు, అడుగున తూము కన్నాన్ని మూసి ఉంచుతుంది. నీరుగంటి నీళ్ళలోకి దిగి ఆ కర్రను ఎంత ఎత్తితే అంత నీరు కట్ట కిందుగా కాలువలోకి పారేది. ఏ మడికి ఎప్పుడు నీళ్ళు, కరువు ఏడాది ఎంత ఆయకట్టుకు పంట పెట్టాలి అన్నది ఊరంతా కూర్చుని తేల్చితే, నీరుగంటి దాన్ని అమలు చేసేవాడు. అతనికి కూలి కింద పంటలో వంతు ముట్టేది.

మధుగిరి, పావగడ వైపు తలపరిగెలు అనే ఊటలు, పెన్న ఇసుకలో ఊటకాలువలు అనే పద్ధతి కూడా చెప్పదగినది. నది ఎండినా ఇసుక అడుగున నీరు నడుస్తూనే ఉంటుంది. నది వాలు కంటే తక్కువ వాలుతో ఇసుకలో కాలువ తవ్వుకుంటూ పోతే, ఊరిన నీరు కొంత దూరం తరువాత తానే నేల మట్టానికి వచ్చి పొలాలకు పారుతుంది. మోటారు అక్కరలేదు. బోరుబావులు లోతుకు పోయి, ఇసుక తరలిపోయిన చోట ఈ ఊటలు ఆగిపోయాయి.

నీటిలెక్క

హిందూపురం వాసి గారూ, చెరువుగట్టు గారూ, మీ వాదం బలమైనది. ఇంజనీరుగా నాకు విస్తీర్ణమే ముందు కనబడుతుంది; పాఠం చెప్పేవారికి పిల్లల ఊళ్ళు ముందు కనబడడం న్యాయమే. అలా అయితే చరిత్రలో నుంచి ఒక విషయం చేర్చండి. 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాల మధ్య జరిగిన ఒప్పందం ప్రకారం, జాబితాలో ఉన్న నదుల మీద మద్రాసు అనుమతి లేకుండా మైసూరు కొత్తగా పెద్ద చెరువులు, ఆనకట్టలు కట్టకూడదు. కావేరి గురించే అందరూ మాట్లాడతారు గాని, ఆ జాబితాలో పెన్న, పాలారు కూడా ఉన్నాయి. బాగేపల్లి దగ్గర చిత్రావతి మీద పరగోడు ఆనకట్ట కట్టినప్పుడు అనంతపురం జిల్లాలో రేగిన ఆందోళన మూలాలు అంత పాతవి.

వేదవతిని కూడా వదలవద్దు. ఇది కృష్ణా పరీవాహకంలోదే అయినా స్వభావంలో పెన్నకు చెల్లెలు. హిరియూరు దగ్గర మారికణివెలో రెండు కొండల సందును మూసి 1907లో వాణీవిలాస సాగరం కట్టారు. అది 1933లో నిండి పొర్లిన తరువాత మళ్ళీ 2022లోనే పొర్లింది. దిగువన ఆ నది మన భైరవానితిప్ప జలాశయానికి వచ్చి, హగరి పేరుతో బళ్ళారి సీమలో తుంగభద్రలో కలుస్తుంది.

హెబ్బాళ నివాసి

బెంగళూరు నగరం ఒక గట్టు మీద కూర్చుని ఉందన్న సంగతి ఇంకా ఎవరూ ప్రస్తావించలేదు. ఉత్తరం నుండి దక్షిణానికి నడిచే ఆ గట్టుకు పడమట కురిసిన వాన వృషభావతిలోకి, అర్కావతిలోకి, కనకపుర దాటిన తరువాత సంగమ దగ్గర కావేరిలోకి చేరుతుంది. తూర్పున కురిసింది హెబ్బాళ లోయ, కోరమంగళ-చల్లఘట్ట లోయల ద్వారా దక్షిణ పినాకినిలోకి వెళ్ళి, హొసూరు, కృష్ణగిరి మీదుగా కడలూరు దగ్గర సముద్రం చేరుతుంది. మారతహళ్ళి ఈ తూర్పు వాలులో ఉంది. అక్కడి వాననీళ్ళు వర్తూరు చెరువు వైపు పోతాయి.

అదే ఇంట్లో కుళాయి తిప్పితే వచ్చేది మాత్రం కావేరి. 1974 నుండి సుమారు 100 కిలోమీటర్ల దూరం నుండి, మూడు దశల్లో దాదాపు 500 మీటర్ల ఎత్తుకు పంపులతో ఎక్కించి తెస్తున్నారు. అంతకుముందు నగరానికి హెసరఘట్ట, 1933 తరువాత తిప్పగొండనహళ్ళి నీళ్ళు ఇచ్చాయి; రెండూ అర్కావతి మీదివే. వాడిన నీటిని శుద్ధి చేసి, 2018 నుండి కోలారు జిల్లా చెరువుల గొలుసులోకి పంపుతున్నారు. రోజుకు 440 మిలియన్ లీటర్లు ఆ పథకం లక్ష్యం. నీళ్ళు అందుకునే చెరువుల్లో పాలారు పరీవాహకానికి చెందినవి ఉన్నాయి. అంటే కావేరి నీరు మీ వంటింట్లోకి వచ్చి, దక్షిణ పినాకిని లోయలోకి దిగి, పాలారు వాలుకు ఎక్కుతోంది. తెలుగుబడి గారూ, మీ పిల్లల ఇంట్లోనే మూడు పరీవాహకాలు కలుస్తున్నాయి. పాఠం కుళాయి దగ్గరే మొదలుపెట్టండి.

చింతామణి పాఠకురాలు

ఆ శుద్ధి విషయంలో కోలారు వైపు ప్రజల ఆందోళనను కూడా పిల్లలకు చెప్పాలి. రెండు దశల శుద్ధితో ఆపి చెరువుల్లోకి వదిలితే భూగర్భ జలాలకు ప్రమాదమని, మూడో దశ శుద్ధి చేయాలని అక్కడి సంఘాలు అడుగుతూ వస్తున్నాయి. ఏళ్ళుగా ఎండిన చెరువు నిండినందుకు బావుల్లో నీళ్ళు పైకి వచ్చిన రైతు సంతోషించాడు. ఆ నీళ్ళు తాగే తల్లి భయపడుతోంది. ఇద్దరి మాటా నిజమే. నగరం తన మురుగును పూర్తిగా శుభ్రం చేసి పంపడం కనీస బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఒకప్పుడు కోలారు బంగారు గనుల పట్టణానికి తాగునీరు ఇచ్చింది పాలారు మీది బేతమంగళం చెరువు. పాలారు కర్ణాటకలో 93, ఆంధ్రలో 33, తమిళనాడులో 222 కిలోమీటర్లు నడుస్తుంది. మనం పైన వదిలినది కుప్పం సీమ వాళ్ళకు, వేలూరు వాళ్ళకు దిగువన చేరుతుంది.

పడమటి కనుమలు

తూర్పు వైపు చర్చ బాగా సాగింది. పడమర గురించి క్లుప్తంగా రెండు మాటలు. శరావతిని లింగనమక్కి దగ్గర 1964లో ఆపి విద్యుత్తు తీస్తున్నాము. జోగ్ జలపాతం 253 మీటర్ల ఎత్తు నుండి దూకే దృశ్యం వానాకాలానికి పరిమితమైంది. అక్కడికి దగ్గరలోనే పారే అఘనాశినికి ఆనకట్ట లేదు. అది సముద్రంలో కలిసేచోట ఉప్పునీటికి తట్టుకునే కగ్గ వరి పండుతుంది, ఆడవాళ్ళు బురదలో గవ్వచేపలు ఏరి బతుకుతారు. 2024లో ఆ ముఖద్వారం రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేరింది. నదిని స్వేచ్ఛగా వదిలితే ఎంతమందికి అన్నం పెడుతుందో చెప్పడానికి ఈ రెండు నదులను పక్కపక్కన పెట్టండి.

మరొక విషయం. సకలేశపుర దగ్గర నేత్రావతి ఎగువ వాగుల నుండి 24 టి.ఎం.సి. నీటిని కోలారు, చిక్కబళ్ళాపుర వైపు మళ్ళించే ఎత్తినహొళె పథకం మొదటి దశను 2024లో ప్రారంభించారు. పడమటి నీళ్ళు వృథాగా సముద్రంలో కలుస్తున్నాయన్న మాటను నేను అంగీకరించను. మంగళూరు చేపలవాళ్ళను అడిగితే వాళ్ళూ అంగీకరించరు. కోలారు దాహం నిజమైనదే. కాని అక్కడి వంకలను, చెరువులను బాగుచేయకుండా కనుమల అడవిని తవ్వి గొట్టాలు వేయడం సరైన వరుస కాదు.

మారతహళ్ళి తెలుగుబడి

ఇంత శ్రద్ధతో రాసిన అందరికీ కృతజ్ఞతలు. మీ మాటల ఆధారంగా పాఠం వరుస ఇలా అనుకుంటున్నాను. మొదటి పాఠం హెబ్బాళ నివాసి గారు చెప్పినట్టు కుళాయి దగ్గర మొదలై వర్తూరు చెరువు దాకా వెళ్తుంది. రెండోది నంది కొండలు. మూడోది చెరువు, తూము, నీరుగంటి. అక్కడి నుండి ఒక్కొక్కరు తమ తాతగారి ఊరి నదిని ఎంచుకుని ఎగువకు నడుస్తారు. కడప పిల్ల పాపాగ్ని వెంట, రాయదుర్గం పిల్లవాడు వేదవతి వెంట. కృష్ణా, తుంగభద్రలకు తగినంత చోటు ఉంటుంది, తుంగాతీరం గారు నిశ్చింతగా ఉండవచ్చు. పడమటి నదులకు శరావతి, అఘనాశిని జతను తీసుకుంటాను. నంది యాత్రకు పిల్లలను ఏ కాలంలో తీసుకువెళ్ళడం మంచిది?

చెరువుగట్టు

వానలు వెనకబట్టాక, కార్తీకంలో వెళ్ళండి. చెరువులు నిండి ఉంటాయి, మరవలు పారుతుంటే చూడవచ్చు. కొండపైకి ఎక్కే ముందు కింద నంది గ్రామంలో భోగనందీశ్వర ఆలయానికి వెళ్ళండి. లోపలి శృంగి తీర్థం దక్షిణ పినాకిని పుట్టిన చోటుగా అక్కడివారు నమ్ముతారు. నాలుగు వైపులా మెట్లున్న ఆ కోనేటి దగ్గర పిల్లలను కూర్చోబెట్టి, పొద్దున వాళ్ళు దాటి వచ్చిన హెబ్బాళ చెరువు నీళ్ళు ఇదే నదిలో ఎక్కడ కలుస్తాయో పటంలో గీయించండి. కొండ మీదకు సెలవు రోజుల్లో వాహనాల రద్దీ ఎక్కువ, కాబట్టి పనిదినం చూసుకోండి. హిందూపురం వాసి గారు తోడు వస్తానంటే అదే దారిలో ముందుకు సాగి విదురాశ్వత్థం కూడా చూసి రావచ్చు.

హిందూపురం వాసి

తప్పకుండా వస్తాను. గౌరీబిదనూరు దగ్గర కలుసుకుందాము. అక్కడ పెన్నలో నీళ్ళు లేకపోతే పిల్లలు నిరాశపడకుండా ముందే చెప్పి ఉంచండి. ఇసుక మిగిలిన చోట చేత్తో తవ్వితే తడి తగులుతుందో లేదో వాళ్ళనే చూడనిద్దాము. చిన్న పారలు నేను తెస్తాను.